థ్రిల్లర్ ఆల్బమ్, దాని అమ్మకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక రికార్డింగ్ షాపు ఉండేది. 1985 వేసవిలో, ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నప్పుడు అందులో పనికి చేరాను. పదమూడేళ్ళు అక్కడే క్యాసెట్లలోకి పాటలు ఎక్కించాను. ఆ షాపు ఇప్పుడు లేదు. ఎల్పీ రికార్డులు మాత్రం కొన్ని నా దగ్గర మిగిలాయి. ఆదివారం పొద్దున ప్లేయర్ పెడితే మా వీధి పిల్లలు, వాళ్ళ ఇంజినీరింగ్ స్నేహితులు వచ్చి కూర్చుంటారు. మైఖేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పెట్టిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. ఎక్కువగా డబ్బు గురించి, లెక్కల గురించి. తెలిసినంతవరకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఇది ఏ ఆల్బమ్? ఎవరెవరు చేశారు?

మైఖేల్ జాక్సన్ ఆరో స్టూడియో ఆల్బమ్. 1982 నవంబరు చివర్లో ఎపిక్ రికార్డ్స్ విడుదల చేసింది. ఎపిక్ అప్పట్లో సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీ వాళ్ళది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి నవంబరు దాకా లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌లేక్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. ఖర్చు సుమారు ఏడున్నర లక్షల డాలర్లు. మొత్తం తొమ్మిది పాటలు, 42 నిమిషాల పైచిలుకు. నాలుగు పాటలు జాక్సన్ సొంతంగా రాసుకున్నాడు. టైటిల్ పాటతో కలిపి మూడు రాడ్ టెంపర్టన్ రాశాడు.

నిర్మాత క్విన్సీ జోన్స్. ఇక్కడ నిర్మాత అంటే సినిమా నిర్మాతలా డబ్బు పెట్టే మనిషి కాదు. ఏ పాట ఉండాలి, ఏ వాయిద్యం ఎక్కడ రావాలి, ఎవరు వాయించాలి అన్నీ చూసుకునే పెద్ద దిక్కు. మన సినిమాల్లో సంగీత దర్శకుడు చేసే పనిలో సగం, దర్శకుడు చేసే పనిలో సగం కలిపితే అది. ధ్వని సంగతి చూసింది బ్రూస్ స్వీడియన్. జాక్సన్, జోన్స్, స్వీడియన్ ముగ్గురూ కలిసి అంతకుముందు 1979లో ‘ఆఫ్ ద వాల్’ చేశారు. అది కూడా బాగా అమ్ముడుపోయింది. కానీ సంగీతానికి అమెరికాలో ఇచ్చే గ్రామీ అవార్డు దానికి ఒకే ఒక్కటి వచ్చిందని జాక్సన్ చాలా బాధపడ్డాడు. ఈసారి ఎవరూ పక్కన పెట్టలేని ఆల్బమ్ చేయాలన్న పట్టుదల అక్కడ పుట్టింది.

స్టూడియో ఆల్బమ్‌కీ, మన సినిమా ఆడియోకీ తేడా ఏమిటి?

మనకి పాట అంటే సినిమా పాటే. హీరో ఎవరో, సందర్భం ఏమిటో తెలిసి వింటాం. సినిమా ఆడితే పాటలు కూడా ఆడతాయి. స్టూడియో ఆల్బమ్‌కి ఆ ఆసరా లేదు. వెనక కథ లేదు, పోస్టర్ మీద హీరో లేడు. ఒక గాయకుడు స్టూడియోలో కూర్చుని తొమ్మిదో పదో పాటలు చేసి, ఒక అట్టపెట్టెలో పెట్టి జనం ముందు ఉంచుతాడు. వాటంతట అవే నిలబడాలి. లైవ్‌లో పాడినవి కావు కాబట్టి, పాత పాటలు ఏరి కూర్చినవి కావు కాబట్టి స్టూడియో ఆల్బమ్ అంటారు.

విడుదలైన రోజే సూపర్ హిట్ అయిందా?

లేదు. ఈ ఒక్క విషయం తెలిస్తే మిగతా కథంతా అర్థమవుతుంది.

ఆల్బమ్ కంటే ముందు, 1982 అక్టోబరులో, బీటిల్స్ బృందంలో పాడిన పాల్ మెకార్ట్నీతో కలిసి పాడిన ‘ద గర్ల్ ఈజ్ మైన్’ అనే మెత్తటి పాటని వదిలారు. అది బిల్‌బోర్డ్ అనే అమెరికా సంగీత పత్రిక వేసే పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. అయినా కొంతమందికి నిరాశే. ఆల్బమ్ అంతా ఇంతే చప్పగా ఉంటుందేమో అనుకున్నారు. ఆ రోజుల్లో అమెరికా రికార్డుల వ్యాపారం కూడా దెబ్బతిని ఉంది. 1979 నుంచి అమ్మకాలు పడిపోతూ వస్తున్నాయి.

1983 జనవరిలో ‘బిల్లీ జీన్’ సింగిల్‌గా, అంటే విడిగా ఒక్క పాట రికార్డుగా, వచ్చింది. దాంతో గాలి మారింది. ఆ పాట ఏడు వారాలు నంబర్ వన్‌గా ఉంది. ఆల్బమ్ 1983 ఫిబ్రవరి 26 నాటి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అంటే విడుదలయ్యాక దాదాపు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు శుక్రవారం మార్నింగ్ షోకే సినిమా భవిష్యత్తు తేల్చేస్తున్నాం. ఆ లెక్కన డిసెంబరులోనే ‘థ్రిల్లర్’ని యావరేజ్ అని రాసేసేవాళ్ళు.

ఆఖరి నిమిషంలో మళ్ళీ మిక్స్ చేశారంటారు, నిజమేనా?

నిజమే. ఆ సంగతి ఒక ఎల్పీ చేతిలో పట్టుకుని చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఎల్పీ మీద పాట ఒక సన్నటి గాడిలా చుట్టూ తిరుగుతుంది. ఒక వైపు ఎక్కువ నిమిషాలు పట్టించాలంటే గాళ్ళు దగ్గర దగ్గరగా, సన్నగా కోయాలి. గాడి సన్నబడితే సౌండ్ తగ్గుతుంది. ముఖ్యంగా బేస్, అంటే గుండెకి తగిలే లోతు శబ్దం, పోతుంది, ఎందుకంటే బేస్‌కి ముల్లు అటూ ఇటూ బాగా ఊగాలి, దానికి చోటు కావాలి. ‘థ్రిల్లర్’ మొదట పూర్తిచేసినప్పుడు పాటలు పొడుగ్గా ఉన్నాయి. టెస్ట్ కాపీ పెట్టుకుని విన్నారు. స్టూడియోలో ఉరిమిన పాట ప్లేయర్ మీద బక్కచిక్కిపోయింది. జాక్సన్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయట. కంపెనీ వాళ్ళు ఇటు తేదీ కోసం తొందరపెడుతున్నారు. అయినా ఆపి, పాటల్ని కత్తిరించి, ఒక్కో పాటనీ మళ్ళీ మిక్స్ చేశారు, అంటే గొంతు, వాయిద్యాలు ఎంతెంత వినపడాలో మళ్ళీ సర్దారు.

ఇప్పుడున్న ఎల్పీ మొదటి వైపు నాలుగు పాటలు, 20 నిమిషాలు. రెండో వైపు ఐదు పాటలు, 22 నిమిషాల పైచిలుకు. మా షాపులో దీన్ని ఎక్కించేటప్పుడు రికార్డింగ్ లెవెల్ ముల్లు ఎంత నిండుగా కదిలేదో నాకు ఇంకా గుర్తుంది. ఎర్ర గీత దాటకుండా చూసుకోవాల్సి వచ్చేది. వేరే రికార్డులకి వాల్యూమ్ పెంచుకునేవాళ్ళం, దీనికి తగ్గించుకునేవాళ్ళం. నా మట్టుకు నాకు ఆ అమ్మకాల వెనక ఈ మళ్ళీ మిక్స్ చేసిన పని చాలా ఉంది.

37 వారాలు నంబర్ వన్ అంటే ఎంత పెద్ద విషయం?

బెజవాడ వాళ్ళకి సినిమా భాషలో చెబితే తేలిక. 25 వారాలు ఆడితే సిల్వర్ జూబ్లీ. ‘థ్రిల్లర్’ 37 వారాలు. అదీ ఆడటం కాదు, దేశం మొత్తంలో మొదటి స్థానంలో ఉండటం. వరసగా కాదు, మధ్యలో దిగింది, మళ్ళీ ఎక్కింది. 1983 ఫిబ్రవరిలో మొదలై 1984 ఏప్రిల్ మధ్య దాకా ఈ ఎక్కడం దిగడం సాగింది. మొదటి పది స్థానాల్లో మాత్రం వరసగా దాదాపు ఏడాదిన్నర ఉంది. 1983లో అమెరికాలో ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ అదే, 1984లోనూ అదే. ఒకే ఆల్బమ్ రెండేళ్ళు అలా నిలవడం అదే మొదటిసారి.

ఒక సంగతి మాత్రం సరిగ్గా చెప్పుకోవాలి. అన్ని రకాల ఆల్బమ్‌లలో చూస్తే ఎక్కువ వారాల రికార్డు దీనిది కాదు. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ సినిమా పాటల రికార్డు 1960లలో 54 వారాలు మొదటి స్థానంలో ఉంది. సినిమా ఊతం లేకుండా ఒక గాయకుడి పేరు మీద వచ్చిన వాటిలో 37 వారాలదే పైచేయి.

ఆ రోజుల్లో ఈ పట్టిక ఎలా తయారయ్యేదో కూడా తెలుసుకోవాలి. షాపులకి ఫోన్ చేసి ఏది ఎక్కువ పోతోందని అడిగి రాసుకునేవాళ్ళు. బిల్లింగ్ కౌంటర్‌లో స్కాన్ చేసిన లెక్కలు బిల్‌బోర్డ్ పట్టికలోకి వచ్చింది 1991లో. కాబట్టి 1983 పట్టిక వరస చెబుతుంది, ఆ వారం ఎన్ని కాపీలు పోయాయో కచ్చితంగా చెప్పదు.

ఏడు పాటలు టాప్ టెన్‌లోకి వెళ్ళాయి అంటారు. అమ్మకాలకి దానికీ ఏమిటి సంబంధం?

చాలా ఉంది. తొమ్మిది పాటల ఆల్బమ్‌లో ఏడు విడివిడిగా సింగిల్స్‌గా వచ్చాయి, ఏడూ మొదటి పదిలో నిలిచాయి. అంతకుముందు ఎవరికీ అలా జరగలేదు. ‘బిల్లీ జీన్’, ‘బీట్ ఇట్’ నంబర్ వన్. ‘ద గర్ల్ ఈజ్ మైన్’ రెండు. ‘థ్రిల్లర్’ నాలుగు. ‘వానా బీ స్టార్టిన్ సమ్‌థిన్’ ఐదు. ‘హ్యూమన్ నేచర్’ ఏడు. ‘పీ వై టీ’ పది.

రెండు మూడు నెలలకో పాట చొప్పున ఏడాదికి పైగా వదులుతూ పోయారు. ఒక పాట రేడియోలో పాతబడేలోపు ఇంకోటి తగులుకునేది. డాన్స్ నచ్చేవాడికి ఒకటి, ప్రేమపాట నచ్చేవాడికి ఒకటి, గిటారు నచ్చేవాడికి ఇంకొకటి. ‘బీట్ ఇట్’లో గిటారు సోలో వాయించింది రాక్ సంగీతంలో పేరున్న ఎడ్డీ వాన్ హేలెన్. డబ్బు తీసుకోకుండా వచ్చి వాయించి వెళ్ళాడు. ఆ ఒక్క సోలోతో, నల్లజాతి గాయకుల పాటలు వేయని రాక్ స్టేషన్లు కూడా ఈ పాట వేశాయి. కొత్త కొనుగోలుదారులు అలా ఒక్కో తలుపులోంచి వచ్చారు.

మా షాపులో నేను చూసింది కూడా అదే. ఎవరూ ‘థ్రిల్లర్ కావాలి’ అని మొదట అడగరు. ‘ఆ పాట ఉన్న క్యాసెట్’ అని అడుగుతారు. ఎక్కించి ఇచ్చాక వారం తర్వాత వచ్చి మిగతా పాటల పేర్లు కూడా చెబుతారు.

టీవీ పాత్ర ఎంత?

అమెరికాలో చాలా పెద్దది. ఎంటీవీ 1981 ఆగస్టు 1న మొదలైంది. రోజంతా పాటల వీడియోలే, కానీ నల్లజాతి గాయకుల వీడియోలు చాలా అరుదు. ‘బిల్లీ జీన్’ వీడియో 1983 మార్చిలో అక్కడ తిరగడం మొదలైంది. అది వేయకపోతే మా గాయకులందరి వీడియోలూ వెనక్కి తీసుకుంటామని సీబీఎస్ రికార్డ్స్ అధ్యక్షుడు వాల్టర్ యెట్నికాఫ్ బెదిరించాడని చెబుతారు. ఎంటీవీ వాళ్ళు అలాంటిదేమీ లేదన్నారు. ఏదైతేనేం, తలుపు తెరుచుకుంది. ఆ తలుపులోంచి తర్వాత ఎంతోమంది వచ్చారు.

1983 మే 16న ఎన్‌బీసీ టీవీలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాతికేళ్ళ వేడుక ప్రసారమైంది. అందులో జాక్సన్ ‘బిల్లీ జీన్’కి ఆడుతూ మూన్‌వాక్ చేశాడు, ముందుకు నడుస్తున్నట్టే ఉండి వెనక్కి జారే అడుగు. దాదాపు 4.7 కోట్ల మంది చూశారని లెక్క. ఆ అడుగు ఆయన కనిపెట్టింది కాదు, అంతకుముందు వేరే డాన్సర్లు చేశారు. కానీ ఆ రాత్రి నుంచి అది ఆయనదైపోయింది.

మరి ‘థ్రిల్లర్’ పాటకి తీసిన ఆ దయ్యాల వీడియో?

అది వచ్చేసరికి ఆల్బమ్ వయసు ఏడాది. 1983 మధ్యలో పోలీస్ అనే బృందం చేసిన ‘సింక్రానిసిటీ’ మొదటి స్థానాన్ని పట్టుకుని అన్నీ కలిపి 17 వారాలు కూర్చుంది. ‘థ్రిల్లర్’ పని అయిపోయిందనే అనుకున్నారు. ఏడో పాటకి, అందులోనూ దయ్యాల పాటకి ఇంకా ఖర్చు పెట్టడం దండగని కంపెనీ వెనక్కి తగ్గింది. జాక్సన్, దర్శకుడు జాన్ లాండిస్ వేరే దారి వెతికారు. వీడియో ఎలా తీశారో చూపించే డాక్యుమెంటరీ ఒకటి చేసి, దాని హక్కుల్ని టీవీ ఛానెళ్ళకి అమ్మి ఆ డబ్బుతో తీశారు. సాటిలైట్ హక్కులతో సినిమా పూర్తిచేయడం గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో ఇప్పుడు మామూలు మాట. 1983లో ఒక పాట వీడియోకి అది కొత్త.

1983 డిసెంబరు 2న ఎంటీవీలో వేశారు. దాదాపు 14 నిమిషాలు. ఆ నెలలోనే ఆల్బమ్ మళ్ళీ నంబర్ వన్‌కి ఎక్కి 1984 ఏప్రిల్ దాకా దిగలేదు. డాక్యుమెంటరీతో కలిపి అమ్మిన వీడియో క్యాసెట్ కూడా లక్షల్లో పోయింది. 2009లో అమెరికా జాతీయ చలనచిత్రాల భద్రపరిచే పట్టికలోకి ఈ వీడియోని తీసుకున్నారు. మ్యూజిక్ వీడియోల్లో అదే మొదటిది.

మొత్తం ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయి? ఒకరు 7 కోట్లంటారు, ఒకరు 10 కోట్లంటారు.

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువ గొడవ కూడా ఇక్కడే.

1983 చివరికే ప్రపంచమంతా కలిపి 3.2 కోట్ల కాపీలు పోయాయని చెప్పేవారు. అప్పటికే అది చరిత్రలో అత్యధికం. ఇప్పటి మొత్తం గురించి ఎక్కువమంది ఒప్పుకునే అంచనా దాదాపు 7 కోట్లు. 10 కోట్లు అన్న మాట జాక్సన్ తరఫు ప్రచారంలోంచి వచ్చింది. నేను 7 కోట్ల దగ్గరే ఆగుతాను.

ఇంత తేడా ఎందుకంటే, ప్రపంచం మొత్తానికి ఒకే ఖాతా పుస్తకం లేదు. ఒక్కో దేశంలో ఒక్కో సంఘం లెక్క కడుతుంది. కొన్ని దేశాల్లో ఆ రోజుల్లో లెక్కే లేదు. ఉన్నచోట కూడా మూడు రకాల అంకెలు ఉంటాయి: కంపెనీ షాపులకి పంపినవి, షాపులో జనం కొన్నవి, సంఘం తనిఖీ చేసి ధ్రువీకరించినవి. మూడూ వేరు. సినిమాకి గ్రాస్ వేరు, షేర్ వేరు అని బెజవాడలో టీ కొట్టు దగ్గర కూడా చెప్పగలరు. ఫ్యాన్స్ వేసే పోస్టర్ మీద అంకె ఇంకా వేరు. ఆల్బమ్ అంకె ఎవరు చెప్పినా ‘ఇది ఏ రకం అంకె?’ అని ముందు అడగండి.

34 రెట్ల ప్లాటినం అంటే ఏమిటి?

అమెరికాలో ఆర్‌ఐఏఏ అనే రికార్డు కంపెనీల సంఘం ఇచ్చే గుర్తింపు. 5 లక్షలైతే గోల్డ్, 10 లక్షలైతే ప్లాటినం, కోటి అయితే డైమండ్. 34 రెట్ల ప్లాటినం అంటే 3.4 కోట్లు, ఒక్క అమెరికాలో. ‘థ్రిల్లర్’ 1984 అక్టోబరులోనే 20 రెట్లు, 2015 డిసెంబరులో 30 రెట్లు, 2021లో 34 రెట్లు అయింది. 30 రెట్లు దాటిన మొదటి ఆల్బమ్ ఇదే.

ఈ గుర్తింపు దానంతట అది రాదు. కంపెనీ అడిగి, డబ్బు కట్టి, ఖాతాలు చూపిస్తే ఇస్తారు. అందుకే ఏళ్ళ తరబడి అంకె కదలదు, ఒక్కసారిగా మూడు మెట్లు ఎక్కుతుంది. 2016 నుంచి స్ట్రీమింగ్ కూడా కలిపారు. 1500 సార్లు విన్నదాన్ని ఒక ఆల్బమ్‌గా లెక్కేస్తారు.

ఈగల్స్ ఆల్బమ్ దీన్ని దాటేసింది కదా?

అమెరికాలో దాటింది. ఈగల్స్ బృందం 1971–75 హిట్ పాటల సంకలనానికి 2018లో 38 రెట్ల ప్లాటినం ఇచ్చారు. ప్రపంచం మొత్తం మీద ‘థ్రిల్లర్’ దగ్గరికి రాదు. పైగా అది సంకలనం, స్టూడియో ఆల్బమ్ కాదు.

ఆ 7 కోట్లలో మన బెజవాడ కాపీలు ఉన్నాయా?

చాలా కొద్ది. ఈ జవాబు మాత్రం కొంచెం వివరంగా చెబుతాను.

అప్పట్లో ఇంగ్లీషు ఎల్పీ కొనడం మామూలు కుటుంబాల వల్ల అయ్యేది కాదు. కంపెనీ క్యాసెట్ కూడా ఖరీదే, పైగా ఎప్పుడూ దొరకదు. మా షాపులో ఒకే ఒక్క ‘థ్రిల్లర్’ ఎల్పీ ఉండేది. మా ఓనరు గారి చుట్టం ఒకాయన మద్రాసు నుంచి తెచ్చింది. ఆ ఒక్కదాని నుంచే నేనున్న పదమూడేళ్ళూ కాపీలు తీశాం. ఖాళీ క్యాసెట్ తెచ్చుకుంటే ఎక్కించే కూలి మాత్రమే తీసుకునేవాళ్ళం.

60 నిమిషాల క్యాసెట్ తెస్తే ఎల్పీ ఎలా ఉందో అలాగే రెండు వైపులా ఎక్కేది. ఒక్కో వైపు ఎనిమిది, పది నిమిషాలు ఖాళీ మిగిలేది. ‘ఆ ఖాళీలో ఏమన్నా వెయ్యన్నా’ అనేవాళ్ళు. రెండేసి చిరంజీవి పాటలు వేసేవాణ్ణి. 90 నిమిషాల క్యాసెట్ తెచ్చేవాళ్ళు ఇంకా అదృష్టవంతులు. ఒక వైపు 45 నిమిషాలు కాబట్టి ‘థ్రిల్లర్’ మొత్తం ఒక్క వైపే పట్టేది, రెండో వైపు ‘ఆఫ్ ద వాల్’ మొత్తం పట్టేది. లయోలా కాలేజీ కుర్రాళ్ళు ఎక్కువగా అదే చేయించుకునేవాళ్ళు. గుంటూరు నుంచి మెడికల్ కాలేజీ విద్యార్థులు పొద్దున పాసింజర్‌కి వచ్చి క్యాసెట్లు ఇచ్చి, సాయంత్రం తీసుకుని వెళ్ళేవాళ్ళు. కాలేజీ డే దగ్గరపడితే ఒకే పాటని వరసగా మూడుసార్లు ఎక్కించమనేవాళ్ళు, రిహార్సల్‌లో వెనక్కి తిప్పే పని లేకుండా.

అలా మా ఒక్క షాపు నుంచి ఎన్ని వెళ్ళాయో మేం రాసి పెట్టలేదు. అలాంటి షాపులు విజయవాడలోనే చాలా ఉండేవి. గుంటూరు, తెనాలి, ఏలూరు, మచిలీపట్నం, ఎక్కడ చూసినా ఉండేవి. ఇవేవీ ఏ ఖాతాలోకీ ఎక్కలేదు. ఆ పాటలు చేసినవాళ్ళకి మా క్యాసెట్ల నుంచి ఒక్క రూపాయి చేరలేదు. ఇది తప్పే. అప్పుడు మాకు ఆ ఆలోచన రాలేదు, కాపీరైట్ అన్న మాటే షాపులో ఎవరి నోటా వినలేదు. ఇప్పుడు తెలిసి నాకు బాధగానే ఉంటుంది. అందుకే తర్వాత కంపెనీ క్యాసెట్ కొన్నాను, సీడీ కొన్నాను, 2008లో పాతికేళ్ళ ప్రత్యేక ఎడిషన్ వచ్చినప్పుడు అదీ కొన్నాను. 7 కోట్లలో మూడు నావి.

మన దగ్గర వీడియో చూడకుండానే ఇంత పేరు ఎలా వచ్చింది?

ఎంటీవీ మన దేశానికి వచ్చింది 1991లో, స్టార్ టీవీతో పాటు. అప్పటిదాకా వీడియో లైబ్రరీల్లో అద్దెకి దొరికే క్యాసెట్టే గతి. దానికి వీసీఆర్ కావాలి, అది వీధికి ఒకటో రెండో. అందుకని మాకు జాక్సన్ ముందు గొంతుగానే తెలుసు. మొహం అట్ట మీది బొమ్మ, తెల్ల సూటులో పక్కకి ఒరిగి పడుకున్న మనిషి. అంతే.

దయ్యాల డాన్స్ అంటే ఏమిటో కోస్తా జిల్లాల్లో చాలామంది మొదట చూసింది తెలుగు సినిమాలోనే. 1985లో వచ్చిన ‘దొంగ’లో చిరంజీవి చేసిన ‘గోలీమార్’ పాట ఆ వీడియోని చూసి చేసిందే. ఏ. కోదండరామిరెడ్డి దర్శకత్వం, చక్రవర్తి సంగీతం. ఇప్పటి పిల్లలు దాన్ని ఇంటర్నెట్‌లో చూసి కాపీ అని తీసిపారేస్తారు. నేను వాళ్ళతో ఏకీభవించను. సినిమా చూసి వచ్చిన కుర్రాళ్ళు ‘అన్నా, దీని అసలు పాట ఉందంట కదా, ఎక్కించు’ అని మా షాపుకి వచ్చారు. నేను పనిలో చేరిన కొత్తలో ‘థ్రిల్లర్’ని ఎక్కువగా అడిగింది వాళ్ళే. జాక్సన్ మన దేశానికి వచ్చి పాడింది 1996 నవంబరు 1న, బొంబాయిలో. అప్పటికి పదకొండేళ్ళుగా ఈ పాటలు బెజవాడ మేడల మీద మోగుతూనే ఉన్నాయి.

గ్రామీలు ఎన్ని వచ్చాయి? ఎనిమిదా, ఏడా?

1984 ఫిబ్రవరి 28 రాత్రి జాక్సన్ ఎనిమిది గ్రామీలు తీసుకున్నాడు. ‘థ్రిల్లర్’ తెచ్చినవి ఏడు. ఎనిమిదోది ‘ఈటీ’ సినిమా కథని పిల్లల కోసం చదివి రికార్డు చేసినందుకు. ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ ‘థ్రిల్లర్’, ఉత్తమ రికార్డు ‘బీట్ ఇట్’.

జాక్సన్‌కి ఎంత మిగిలింది?

కాపీకి సుమారు 2 డాలర్లు వచ్చేవని అప్పటి పత్రికల్లో వచ్చింది. అప్పటి గాయకుల్లో ఎవరికీ అంత వాటా లేదు.

ఈ రోజుల్లో ఎవరైనా దీన్ని దాటగలరా?

నా ఉద్దేశంలో కష్టం. ఇప్పటి వాళ్ళకి ప్రతిభ తక్కువని కాదు. జనం కొనే పద్ధతి మారింది. అప్పుడు ఒక పాట నచ్చితే ఆల్బమ్ మొత్తం కొనాలి, ఎల్పీ అరిగితే క్యాసెట్, క్యాసెట్ పోతే సీడీ. ఒకే మనిషి మూడుసార్లు కొన్నాడు. ఇప్పుడు ఎవరూ కొనరు, వింటారు. ఆర్‌ఐఏఏ పద్ధతిలో ఒక్క స్ట్రీమింగ్‌తోనే 3.4 కోట్లు దాటాలంటే 5100 కోట్ల సార్లు వినాలి, అదీ ఒక్క అమెరికాలో. పైగా అప్పుడు ఒక దేశమంతా ఒకే రాత్రి ఒకే టీవీ కార్యక్రమం చూసేది. ఇప్పుడు మా ఇంట్లో నలుగురం నాలుగు ఫోన్లలో నాలుగు పాటలు వింటున్నాం.

పాత ఎల్పీ కొనాలంటే ఏం చూసుకోవాలి?

ముందు వంపు చూడండి. రికార్డుని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని చూస్తే తెలుస్తుంది. మన మే నెల ఎండకి అటక మీద పెట్టిన రికార్డు అప్పడంలా వంగుతుంది. బల్ల మీద పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చినవి కూడా పాడవుతాయి. పుస్తకాల్లా నిలబెట్టి ఉంచినవి మేలు. తర్వాత లైటు కింద గీతలు చూడండి. గోరుకి తగిలే గీత ఉంటే వదిలేయండి. అట్ట మీది దుమ్ముని చూసి భయపడొద్దు, అది తుడిస్తే పోతుంది. అసలు అట్ట పుస్తకంలా తెరుచుకుంటుంది, లోపల జాక్సన్ ఒక పులిపిల్లతో ఉంటాడు. కొన్ని దేశాల్లో మామూలు అట్టతో వేశారు, అది లేనంత మాత్రాన దొంగ కాపీ అనుకోవద్దు.

ఎప్పుడూ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండో వైపు. మొదటి పాట ‘బీట్ ఇట్’, తర్వాత ‘బిల్లీ జీన్’. ఫోన్ స్పీకరులో వద్దు, బేస్ వినపడదు. ఇయర్‌ఫోన్స్ అయినా పెట్టుకోండి. ‘బిల్లీ జీన్’ మొదట్లో డ్రమ్ము ఒక్కటే వస్తుంది. అక్కడ వాల్యూమ్ పెంచి పెట్టుకోండి. కాసేపటికి బేస్ గిటారు వస్తుంది, అడుగులో అడుగు వేస్తూ, పాట అయ్యేదాకా ఆగదు. గొంతు రావడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. ఆ మొదలు మరీ పొడుగైందని, తగ్గిద్దామని క్విన్సీ జోన్స్ అన్నాడట. అది వింటుంటే నాకు డాన్స్ చేయాలనిపిస్తుంది, ఉంచండి అని జాక్సన్ అడిగాడట. ఉంచారు. ఆదివారం మా ఇంట్లో సరిగ్గా అక్కడే పిల్లలు మాటలు ఆపేస్తారు.